పరుగు నేర్చే పిల్లల ఒళ్ళు నొప్పులు, పొడి డబ్బాలు

సంపాదకులు గారికి,

నమస్కారం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై రెండేళ్ళు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందినవాడిని. ఇప్పుడు రాజోలు దగ్గర మా ఊరి బడి మైదానంలోనూ, గోదావరి పాయ అయిన వశిష్ఠ ఏటిగట్టు మీదా, పోలీసు కానిస్టేబుల్ ఎంపికలకూ సైన్యంలో చేరికకూ సిద్ధమవుతున్న పిల్లలకు తెల్లవారుజామున అయిదింటి నుంచి ఏడున్నర దాకా రుసుము తీసుకోకుండా సాధన చేయిస్తున్నాను. ఏడాది కాలంగా ఆ పిల్లల సంచుల్లో నీళ్ళ సీసా పక్కన రంగురంగుల పొడి డబ్బాలూ, విడి మాత్రల పొట్లాలూ కనిపిస్తున్నాయి. ఇవి దేనికని అడిగితే, కండలు పెరగడానికని చెప్పేవాళ్ళు తక్కువ. "పరుగు తర్వాత ఒళ్ళు నొప్పులు తగ్గడానికండి మాస్టారూ" అనేవాళ్ళే ఎక్కువ.

కిందటి నెలలో ఒక తల్లి నా దగ్గరకు వచ్చారు. రొయ్యలు శుద్ధి చేసే చోట రోజు కూలీకి పనిచేస్తారామె. కొడుకు పట్నంలోని ఒక దుకాణంలో మూడు వేల రెండు వందలకు ఒక డబ్బా చూసి వచ్చాడట. "ఇది తాగకపోతే మావాడు పరుగులో నెగ్గలేడాండి? ఉన్నమాట చెప్పండి, చెవి కమ్మలు తాకట్టు పెట్టయినా కొంటాను" అన్నారు. ఆ రోజు ఆమెకు చెప్పిన జవాబునే కొంచెం విస్తరించి, మీ పత్రిక ద్వారా డెల్టాలోని మిగతా తల్లిదండ్రులకూ పిల్లలకూ అందించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. కానీ ఈ విషయం మీద చదవగలిగినంత చదివాను, తెలిసిన వైద్యులను అడిగి సరిచూసుకున్నాను, మైదానంలో వందల మంది పిల్లలను కళ్ళారా చూశాను.

మా దగ్గర అందరికంటే ఎక్కువగా ఒళ్ళు నొప్పులు వచ్చేది ఏటిగట్టు ఎక్కి దిగే సాధన చేసిన మర్నాడు. ఇక్కడంతా బల్లపరుపు నేల కనుక ఎత్తుపల్లాల పరుగుకు మాకు గట్టే ఆధారం. ఎక్కేటప్పుడు పిల్లలు ఆయాసపడతారు, దిగేటప్పుడు హాయిగా దిగుతారు. అయితే తొడలు పట్టేయడానికి అసలు కారణం ఎక్కడం కాదు, దిగడమే. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపడానికి తొడ కండరం బిగుసుకుని ఉండగానే సాగవలసి వస్తుంది. అలా బరువు మోస్తూ సాగే పనిలో కండర తంతువుల లోపల కంటికి కనిపించనంత సూక్ష్మంగా చిట్లుతుంది, ఆ చిట్లిన చోటును శరీరం బాగుచేసుకునే క్రమంలో వాపూ సలుపూ పుడతాయి. బరువును పైకెత్తడం కంటే మెల్లగా దించడం వల్లనే జిమ్‌లో ఎక్కువ నొప్పులు రావడానికీ ఇదే కారణం. ఈ నొప్పి 12 నుంచి 24 గంటల తర్వాత మొదలై, రెండో రోజో మూడో రోజో బాగా హెచ్చి, సాధారణంగా వారం లోపల తనంతట తానే పోతుంది.

దుకాణాల్లో మాత్రం "ఒంట్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది, దాన్ని ఈ పొడి కడిగేస్తుంది" అని చెబుతున్నారు. నా ఉద్యోగం తొలి రోజుల్లో నేనూ పిల్లలకు ఆ మాటే చెప్పాను, మాకు అలాగే నేర్పారు. అది నిజం కాదు. గట్టిగా పరుగెత్తినప్పుడు రక్తంలో పెరిగే ఆ పదార్థం పరుగు ఆపిన గంటా గంటన్నరలోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు పొద్దున మొదలయ్యే నొప్పికి, ముందు రోజు సాయంత్రానికే ఒంట్లో లేకుండా పోయినది కారణం ఎలా అవుతుంది? కండరం లోపలి చిట్లుడే ఈ నొప్పికి మూలమై ఉంటుందని హఫ్ అనే అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త 1902లోనే సూచించారు. నూట ఇరవై ఏళ్ళు దాటినా మన దుకాణాల్లో ఇంకా పాత మాటే నడుస్తోంది.

ఈ నొప్పికి అసలైన మందు ఏమిటో మన పొలాల్లో పనిచేసే ఆడవాళ్ళకు తెలుసు. ఊడుపుల మొదటి రోజు వంగి నాటినవాళ్ళకు మర్నాటికి నడుమూ తొడల వెనక భాగమూ పట్టేస్తాయి. మూడో రోజు మంచం దిగడానికే కష్టపడతారు. అయినా చేను ఆగదు కనుక, మెల్లగానైనా మళ్ళీ దిగుతారు. వారం తిరిగేసరికి అదే పని, అంతే సేపు చేసినా ఆ బాధ ఉండదు, ఆ పంటకాలమంతా మళ్ళీ రాదు. వ్యాయామ శాస్త్రం కూడా ఈ మాటే చెబుతుంది: కొత్త పనిని ఒకసారి చేసి నొప్పి పడిన కండరం, అదే పనికి రెండోసారి చాలా తక్కువ నష్టపోతుంది, ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. డబ్బాలో దొరకని ఈ రక్షణను కొద్ది కొద్దిగా పెంచుకుంటూ పోయే సాధన ఇస్తుంది. మొదటి వారం గట్టు నాలుగుసార్లే దిగమంటే విసుక్కునే పిల్లలు, మూడో వారంలో పదిహేనుసార్లు దిగి మర్నాడు మామూలుగా నడుస్తూ రావడం నేను ఏటా చూస్తున్నాను.

ఇక ఆ డబ్బాల్లో ఏముంటుందన్నది. అన్నీ మోసమని నేను అనను, అలా అనడం న్యాయం కాదు. కొన్నింటి మీద నిజాయితీగా పరిశోధనలు జరిగాయి, కొంత ప్రయోజనం కనిపించినవీ ఉన్నాయి. కానీ ఆ ప్రయోజనం ఎంత, దానికి మన పిల్లలు పెడుతున్న ఖర్చు ఎంత అన్నదే నా ప్రశ్న.

అన్నింటికంటే ఎక్కువగా అమ్ముడుపోతున్నది లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాల (మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు, తయారయ్యే ముక్కల) పొడి. వీటిని వ్యాయామానికి ముందూ, ఆ తర్వాత కొన్ని రోజులూ తీసుకుంటే నొప్పి కొంత తగ్గినట్టు కొన్ని చిన్న పరిశోధనల్లో తేలింది, మరికొన్నింటిలో తేడా కనిపించలేదు. పిల్లలకు చెప్పవలసింది ఏమిటంటే ఈ మూడూ మనం రోజూ తినే గుడ్డులోనూ పాలలోనూ చేపలోనూ పప్పులోనూ ఉన్నవే. తిండిలో మాంసకృత్తులు సరిపడా ఉన్నవాడికి ఈ మూడింటినీ విడదీసి, రంగూ రుచీ కలిపి, ఇంత ధరకు విడిగా అందించడం వల్ల ఒరిగేది చాలా తక్కువ. ఇలాగే పొడిగా అమ్మే క్రియాటిన్ మీద చాలా పరిశోధన ఉంది, కానీ అది తక్కువ సేపు ఎక్కువ బలం చూపే పనులకు ఉపకరించేది. నొప్పి తగ్గిస్తుందన్న ఆశతో కొనవలసినది కాదు. గ్లుటమిన్ అనే మరో అమైనో ఆమ్లం విషయంలో ఆధారాలు బలహీనం. మెగ్నీషియం అది లోపించినవారికి మేలు చేస్తుంది, మిగతావారికి చేసేదేమీ పెద్దగా లేదు.

విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రల గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి నిగ్గుతేల్చే కొక్రేన్ సంస్థ 2017లో ఇలాంటి ఆక్సీకరణ నిరోధకాల (యాంటీఆక్సిడెంట్ల) మీద జరిగిన 50 పరిశోధనలను కలిపి పరిశీలించింది. ఎక్కువ మోతాదులో తీసుకున్నా కండరాల నొప్పి తగ్గుదల, మనిషికి తెలిసి ఉపయోగపడేంతగా లేదని తేల్చింది. పైగా ఈ విటమిన్లను పెద్ద మోతాదులో రోజూ మింగితే, సాధన వల్ల ఒంటికి రావలసిన మార్పులు కొన్ని మందగిస్తాయని చూపిన పరిశోధనలూ ఉన్నాయి. అంటే పొద్దున పరుగెత్తి సంపాదించుకున్నదాన్ని మాత్రతో కొంత పోగొట్టుకోవడమే. జామకాయలో, నిమ్మకాయలో ఉండే విటమిన్‌కు ఈ చిక్కు లేదు.

పుల్లటి చెర్రీ పండ్ల రసం కూడా ఈ మధ్య పొడిగానూ గొట్టాలుగానూ (క్యాప్సూళ్ళుగానూ) వస్తోంది. దూరపు పరుగుల తర్వాత కండరాలు త్వరగా కోలుకోవడంలో అది కొంత సాయపడినట్టు విదేశాల్లో చిన్న పరిశోధనలు చెప్పాయి. అది చలి దేశాల్లో పండే ప్రత్యేకమైన చెర్రీ, ఖరీదు మన పిల్లలకు అందనిది. ఒక అబ్బాయి ఎక్కడో విని బేకరీ నుంచి ఎర్రటి చెర్రీల పొట్లం తెచ్చుకుని పరుగు తర్వాత తినడం మొదలుపెట్టాడు. కేకుల మీద పెట్టే ఆ ఎర్ర పండు చాలాచోట్ల చక్కెర పాకంలో నానబెట్టి రంగు వేసిన వాక్కాయ అని చెప్పినప్పుడు ఆ పిల్లవాడి ముఖం చిన్నబోయింది. తెలుసుకోవాలన్న తపన ఉన్న పిల్లవాడు. సరైన సమాచారం అతనికి అందేలా చూడలేకపోయింది మనమే.

పసుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఇంటి వస్తువు కనుక నమ్మకమూ ఎక్కువ, పొరపాటుకు అవకాశమూ ఎక్కువ. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం వ్యాయామం తర్వాతి నొప్పిని కొంత తగ్గించినట్టు చెప్పే పరిశోధనలు ఉన్నాయి. కానీ వాటిలో వాడింది విడదీసిన కుర్కుమిన్, వందల మిల్లీగ్రాముల మోతాదులో. మన పసుపు పొడిలో అది సుమారు మూడు శాతమే ఉంటుంది. ఒక చెంచా పసుపు మూడు గ్రాములనుకుంటే అందులో ఉండేది తొంభై మిల్లీగ్రాముల చుట్టుపక్కల, అందులోనూ ఒంటికి పట్టేది బహు స్వల్పం. మిరియాలలోని పైపరిన్ తోడైతే కుర్కుమిన్ రక్తంలోకి ఇరవై రెట్లు ఎక్కువగా చేరుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. దాన్ని పట్టుకుని ఇప్పుడు పసుపు సారమూ మిరియాల సారమూ కలిపిన గొట్టాలు విరివిగా వస్తున్నాయి. ఇలా పట్టే శక్తి పెంచిన పసుపు గొట్టాలు వాడినవారిలో కొందరికి కాలేయం వాచి కామెర్లు రావడం పలు దేశాల వైద్యులు నమోదు చేశారు. ఇటలీలో 2019లో ఇలాంటి కేసులు వరుసగా బయటపడి ప్రభుత్వమే హెచ్చరించింది. పైపరిన్ మనం వేసుకునే ఇతర మందుల ప్రభావాన్ని కూడా పెంచగలదు. అందువల్ల పులుసులో, పాలల్లో వేసుకునే పసుపును ఎప్పటిలాగే వాడుకోండి, అది నొప్పులు మాయం చేస్తుందని మాత్రం ఆశించకండి. గొట్టాల రూపంలో ఎక్కువ మోతాదు వేసుకోవాలనుకుంటే వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకండి అని పిల్లలకు చెబుతున్నాను. చేపనూనె గొట్టాల విషయంలోనూ ఫలితాలు ఒక తీరుగా లేవు. అదే నూనె సమృద్ధిగా ఉన్న కవళ్ళు, కానాగంతలు మన కాకినాడ, అంతర్వేది తీరాల్లో దొరుకుతూనే ఉన్నాయి.

ఇక ప్రోటీను పొడి. ఇది నొప్పిని నేరుగా తగ్గించేది కాదు, చిట్లిన కండరాన్ని తిరిగి కట్టుకోవడానికి కావలసిన సరుకు మాత్రమే. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. కఠినంగా సాధన చేసేవారికి 1.2 నుంచి 2 గ్రాముల దాకా అవసరమని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. అరవై కిలోల కుర్రవాడికి డెబ్బై రెండు గ్రాములు చాలు అనుకుందాం. మూడు గుడ్లలో పద్దెనిమిది, అర లీటరు పాలలో పదహారు, వంద గ్రాముల శీలావతి చేపలోనో బొచ్చెలోనో పద్దెనిమిదికి తక్కువ కాకుండా, యాభై గ్రాముల వేరుశనగ గుళ్ళలో పన్నెండు, యాభై గ్రాముల పెసరపప్పులో మరో పన్నెండు. అన్నంలోంచి వచ్చేది లెక్కలోకి తీసుకోకముందే డెబ్బై ఆరు అయింది. చేప, గుడ్డు తినని ఇళ్ళవాళ్ళు పెసరట్టు, మినప సున్నుండలు, పెరుగు, శనగలు పెంచుకుంటే సరిపోతుంది. అనపర్తి, తణుకు వైపు కోళ్ళ ఫారాలూ, భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువులూ ఉన్న గడ్డ మీద పుట్టిన పిల్లలు మాంసకృత్తుల కోసం డబ్బాను ఆశ్రయించవలసి రావడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. చాలామంది పిల్లలు ఉదయం ఏమీ తినకుండా వచ్చి, పరుగెత్తి, టీ తాగి, మధ్యాహ్నం దాకా అలాగే ఉండిపోతున్నారు. వాళ్ళ నొప్పులు తగ్గకపోవడానికీ నీరసానికీ అది పెద్ద కారణం. అలాంటి పిల్లవాడు డబ్బా పొడి తాగగానే తేడా కనిపించిందంటే నమ్ముతాను, కానీ ఆ తేడా రెండు ఉడికించిన గుడ్లు తిన్నా వచ్చేదే.

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024 మే నెలలో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో, పొడుల రూపంలో ఎక్కువ మోతాదు మాంసకృత్తులు తీసుకోవడం మంచిది కాదని స్పష్టంగా చెప్పారు. అదే ఏడాది కేరళ వైద్యులు మన దేశంలో అమ్ముడుపోతున్న 36 ప్రోటీను పొడులను పరీక్షించగా, దాదాపు డెబ్బై శాతం వాటిలో డబ్బా మీద రాసినంత ప్రోటీను ఉన్నట్టు తేలలేదు. మూడు వేలు పోసి కొన్నదానిలో రాసింది కూడా లేకపోతే ఆ తల్లి కమ్మలకు ఎవరు జవాబు చెబుతారు?

డబ్బు పోవడం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. నొప్పి ఓర్చుకోలేక పిల్లలు మందుల షాపులో చీటీ లేకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొని, పరుగుకు ముందే వేసుకుంటున్నారు. ఉక్కపోతలో చెమటతో నీరు కోల్పోయిన ఒంట్లో ఆ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. పేరూ తయారీదారూ లేని నొప్పుల పొడులు పొట్లాలుగా అమ్మేవారూ ఉన్నారు. అలాంటి వాటిలో స్టీరాయిడ్లు కలిపి అమ్మిన సంగతులు దేశంలో అనేకసార్లు బయటపడ్డాయి. అవి వేసుకోగానే నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది, ముఖం ఉబ్బడం, రక్తపోటు, చక్కెర, ఎముకల బలహీనత తర్వాత వస్తాయి.

రెండేళ్ళ కిందట మా దగ్గర సాధన చేసే ఒక కుర్రవాడు సంక్రాంతికి పదిహేను రోజులు విడుపు తీసుకుని, తిరిగి వచ్చిన మొదటి రోజే స్నేహితుల పందెం మీద అయిదు వందల గుంజీలు తీశాడు. మర్నాడు తొడలు రాయిలా బిగిసి వాచాయి. నాకు చెప్పకుండా రెండు రోజులు నొప్పి మాత్రలు వేసుకున్నాడు. మూడో రోజు మూత్రం టీ డికాషను రంగులోకి మారాక ఇంట్లోవాళ్ళకు భయం వేసి నాకు ఫోను చేశారు. కండరం మితిమీరి చితికిపోయి, దాని లోపలి పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను అడ్డుకునే స్థితి అది. ఆసుపత్రిలో వారం రోజులు సెలైన్లు ఎక్కించి కాపాడారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ నొప్పి భరించరానంతగా ఉండి, కండరం వాచి, మూత్రం ముదురు రంగులో వస్తే గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలన్న ఒక్క ముక్క ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు, మైదానంలో అంతకుముందు నేనూ చెప్పలేదు. ఆ పొరపాటు మళ్ళీ జరగకుండా ఇప్పుడు కొత్తగా వచ్చే ప్రతి పిల్లవాడికీ మొదటి రోజే చెబుతున్నాను.

పోటీల్లో ఆడే పిల్లలకు మరో ముప్పు. మన అమలాపురం నుంచి సాత్విక్ సాయిరాజ్ ప్రపంచ స్థాయికి ఎదిగాక కోనసీమలో బ్యాడ్మింటన్ రాకెట్టు పట్టిన పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు, చూస్తే సంతోషంగా ఉంటుంది. వాళ్ళ తల్లిదండ్రులు తెలుసుకోవలసింది ఏమిటంటే, నిషేధిత పదార్థం ఒంట్లో దొరికితే అది ఎలా వచ్చినా బాధ్యత క్రీడాకారుడిదే అన్నది ప్రపంచ నియమం. డబ్బా మీద రాయని ఉత్ప్రేరకం పొడిలో కలిసి ఉన్నా, "నాకు తెలియదు" అనే మాట నిషేధం నుంచి కాపాడకపోవచ్చు. మన దేశంలో దీనికి 2022లో చట్టమే వచ్చింది.

నొప్పి ఉన్న రోజుల్లో మేము చేయిస్తున్నది ఇంతే: పూర్తిగా పడుకోబెట్టకుండా మెల్లని నడక, గోరువెచ్చని నీళ్ళ స్నానం, నువ్వుల నూనెతో మర్దన, ఎనిమిది గంటల నిద్ర. మర్దన వల్ల ఉపశమనం ఉంటుందని పరిశోధనలూ ఒప్పుకుంటున్నాయి. కండరాలు సాగదీసే కసరత్తులు ఈ నొప్పిని తగ్గించడంలో పెద్దగా పనిచేయవని మాత్రం తేలింది. చెమట పోసినప్పుడు మజ్జిగలో ఉప్పు వేసి ఇస్తాము, కొబ్బరినీళ్ళకు మా ఊళ్ళో కొదవ లేదు. కానిస్టేబుల్ ఎంపికలో మగపిల్లలు 1600 మీటర్లను ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తాలి. ఈ తిండితో, ఈ పద్ధతితోనే మా పిల్లలు ఆ దూరాన్ని ఆ సమయంలో దాటుతున్నారు.

తమ ద్వారా కొన్ని విన్నపాలు. ఆహార భద్రతా చట్టం కింద ఈ సప్లిమెంట్ల డబ్బా మీద పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య, ఇది ఔషధంగా వాడదగినది కాదన్న హెచ్చరిక, రోజుకు మించకూడని మోతాదు తప్పనిసరిగా ఉండాలి. మా పిల్లలు తెచ్చిన డబ్బాల్లో రెండింటి మీద ఇవేవీ లేవు. ఆహార భద్రతా అధికారులు కోనసీమ, తూర్పు, పశ్చిమ గోదావరి, కాకినాడ జిల్లాల్లో ఈ డబ్బాలు అమ్మే దుకాణాల నుంచి నమూనాలు తీసి పరీక్షించి, ఆ ఫలితాలను ఊరి పేర్లతో సహా ప్రజలకు తెలియజేయాలని కోరుతున్నాను. చీటీ లేకుండా నొప్పి మాత్రలు అమ్మడం మీద ఔషధ నియంత్రణ అధికారులు దృష్టి పెట్టాలి. మీ జిల్లా అనుబంధంలో ఇలాంటి పొడుల ప్రకటన అచ్చు వేసే ముందు లైసెన్సు సంఖ్య అడిగి, అది కూడా ప్రకటనలో వేయించమని మిమ్మల్ని ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాను. పోషకాహార నిపుణులతోనూ ప్రభుత్వ వైద్యులతోనూ వారానికి ఒక శీర్షికలో, సాధన చేసే పిల్లల ప్రశ్నలకు జవాబులు ఇప్పిస్తే ఇంకా మేలు. మా మైదానంలో కొత్త జట్టు సంక్రాంతి తర్వాత మొదలవుతుంది. ఆ లోగా మొదటి శీర్షిక వస్తే దాన్ని కత్తిరించి, బడి గేటు పక్కన నోటీసు బల్లకు అంటించి, చదవడం రాని తల్లిదండ్రులకు నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
రాజోలు మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా